ఆడపిల్ల పెళ్లి విషయంలో ఈ సలహాలు వినకండి, ఎవరికీ ఇవ్వకండి

పల్నాడులో దుర్గి, మాచర్ల, కారెంపూడి వైపు ఆడపిల్ల పదో తరగతిలోకి వచ్చిందంటే ఆ ఇంటికి అడగని సలహాలు మొదలవుతాయి. మేనత్త ఒకటి చెబుతుంది, పక్క చేను రైతు ఒకటి చెబుతాడు, మిరపకోతల్లో సాలు పక్కన సాలు కోసే ఆడవాళ్లు ఇంకోటి చెబుతారు. చెప్పేవాళ్లలో చాలామంది ఆ కుటుంబం బాగు కోరేవాళ్లే. అందుకే ఆ మాటలు తల్లిదండ్రుల మీద అంత గట్టిగా పనిచేస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. సర్వే నాటికే తల్లులైనవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు మన రాష్ట్రంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం. దేశం సగటు 6.8. చదువులో, రోడ్లలో, ఆస్పత్రుల్లో మనకన్నా వెనుక ఉన్నాయని మనం అనుకునే కొన్ని రాష్ట్రాలు ఈ విషయంలో మనకంటే నయంగా ఉన్నాయి.

పెళ్లీడు వచ్చిందనుకునే ఆడపిల్ల ఉన్న ఇళ్లలో తరచుగా వినిపించే సలహాలను ఇక్కడ పెడుతున్నాను. ప్రతిదీ ఎందుకు తప్పో, దాని బదులు ఏం చెప్పాలో కూడా రాస్తున్నాను. కుటుంబాలకు నచ్చజెప్పడానికి వెళ్లే అంగన్‌వాడీ టీచర్లు, సచివాలయం మహిళా పోలీసులు, బడి పంతుళ్లు చేసే పొరపాట్లు కూడా ఇందులో ఉన్నాయి. తప్పుడు సలహా చుట్టాల నోటి నుంచే రావాలని లేదు.

“రోజులు బాగాలేవు. ఏదన్నా జరక్కముందే చేసేయండి.”

అన్నింటికన్నా ఎక్కువగా వినిపించేది ఇదే, అన్నింటికన్నా లోతుగా దిగేదీ ఇదే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు పల్నాడు ఇళ్లను దగ్గరగా చూడనివాళ్లు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకోతలు. అమ్మా నాన్నా తెల్లారకముందే ఆటో ఎక్కితే చీకటి పడ్డాకే ఇంటికి చేరతారు. పదిహేనేళ్ల పిల్ల వంట చేసి, తమ్ముణ్ని బడికి పంపి, తనూ వెళ్లి, సాయంత్రం ఒంటరిగా ఇంట్లో ఉంటుంది. వీధి చివర బండి మీద కూర్చునే కుర్రాళ్లు, ఇంట్లో ఒక ఫోను. ఆ తండ్రికి నిద్ర పట్టకపోవడంలో వింతేమీ లేదు. “బాల్యవివాహం నేరం” అని మాత్రమే చెప్పి వస్తే ఆయన భయం ఆయన దగ్గరే ఉంటుంది. భయం ఉన్నంతకాలం ఆ పెళ్లి ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది.

కాబట్టి ముందు ఆ భయాన్ని ముక్కలుగా విడదీయాలి. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా పిల్ల ఎక్కడ ఉంటుంది? కోతల నాలుగు నెలలూ ఆ వీధిలో ముగ్గురు నలుగురు పిల్లలు ఒకే ఇంట్లో, ఒక అమ్మమ్మ కళ్ల ముందు చదువుకునే ఏర్పాటు కుదురుతుందా? కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో గానీ సంక్షేమ హాస్టల్‌లో గానీ సీటు వస్తుందా? ఇంటర్‌కి మాచర్లకో గురజాలకో వెళ్లాలంటే బస్సు వేళలేమిటి, పిల్లతో పాటు అదే బస్సులో వెళ్లే ఈ ఊరి పిల్లలు ఇంకెవరున్నారు? 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆ ఖర్చు లెక్కలోంచి పోయింది. వెంటపడే కుర్రాడు ఫలానా అని తెలిస్తే, వాడి ఇంటికి వెళ్లి వాడి నాన్నతో ఎవరు మాట్లాడతారు? వాణ్ని అడిగేవాళ్లు లేక, వాడి తప్పుకు ఈ పిల్ల చదువు ఆపడం నేను చాలా ఇళ్లల్లో చూశాను. అది అన్యాయమని నిర్మొహమాటంగా చెప్పాలి. ఇవన్నీ చిన్న ప్రశ్నలే. కానీ ఆ తండ్రితో కూర్చుని వీటికి జవాబులు వెతికినవాళ్ల మాటే ఆయన వింటాడు.

దీనికి తోడుగా వచ్చే ఇంకో సలహా, “బడి మాన్పించి కోతలకు వెంటబెట్టుకెళ్లండి, కళ్ల ముందుంటుంది” అనేది. పదో తరగతి పరీక్షలు మార్చిలో. మిరప పండి ఎర్రబడి కూలీలు దొరకని రోజులూ అవే. ఆ నెలలో నాలుగు వారాలు బడి మానిన పిల్ల ఏదో ఒక సబ్జెక్టు తప్పుతుంది. అప్పుడు వచ్చే మాట, “తప్పింది కదా, ఇంకేం చదువుతుంది.” ఏప్రిల్ నెలాఖరులో ఫలితాలు, మే నెలలో ముహూర్తాలు. బడితో తెగి, కాలేజీలో ఇంకా చేరని ఆ రెండు నెలలే ఆడపిల్లకు గండం. లెక్కలో ఇంగ్లీషో తప్పిన పిల్లకు అదే వేసవిలో సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. అది కూడా కాకపోతే ఓపెన్ స్కూల్లో టెన్త్, ఇంటర్ రెండూ కట్టొచ్చు. ఈ సంగతి ఫీజు గడువు దాటకముందే ఇంటికి వెళ్లి చెప్పాల్సింది బడి పంతులు. నోటీసు బోర్డు మీద అంటించడం చాలదు.

“చిన్నప్పుడైతే కట్నం తక్కువలో పోతుంది.” మిరప ధర పడిపోయిన ఏడాది, కౌలు డబ్బూ పురుగు మందుల కొట్టు అప్పూ మీద పడ్డప్పుడు, ఈ మాట తండ్రి చెవికి లెక్క సరిపోయినట్టే అనిపిస్తుంది. మొత్తం లెక్క వేసి చూపించండి. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచీ నేరం. అది అలా ఉంచి, పదహారేళ్ల పిల్లకు పెళ్లయితే ఏడాదిలోగా కాన్పు, రక్తహీనత, ఆస్పత్రి. పుట్టింటి సంప్రదాయం ప్రకారం మొదటి కాన్పు ఖర్చు మళ్లీ ఈ తండ్రిదే. చేతిలో చదువు లేదు కాబట్టి అత్తింట్లో గొడవ వస్తే పిల్ల తిరిగొచ్చేదీ ఈ ఇంటికే. మరోవైపు బడిలో ఉన్న ప్రతి బిడ్డకూ, ఇంటర్ దాకా, ‘తల్లికి వందనం’ కింద ఏటా తల్లి ఖాతాలో డబ్బు పడుతుంది. హాజరు ఉండాలన్నది అందులో షరతు. పిల్లను మాన్పించిన రోజే అది ఆగుతుంది.

“మేనబావే కదా, పరాయింటికేం పంపడం లేదు.” మేనరికానికి మినహాయింపు ఇచ్చే పంక్తి చట్టంలో ఎక్కడా లేదు. మేనత్త కొడుకైనా, మేనమామైనా అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాల్సిందే. మేనత్త ఇంట్లో పదహారేళ్ల శరీరానికి కాన్పు తేలికేమీ కాదు. గర్భంలో, కాన్పులో వచ్చే చిక్కులు ప్రపంచమంతటా 15–19 ఏళ్ల ఆడపిల్లల మరణాలకు ముఖ్య కారణాల్లో ఒకటి. ఆ అత్త నిజంగా ఈ పిల్లను తన కోడలుగా కోరుకుంటే రెండేళ్లు ఆగగలదు. ఆగలేనన్నదంటే, ఆ తొందర దేనికో కూర్చుని అడగాలి.

ముసలావిడ కళ్లు మూసేలోపు మనవరాలి పెళ్లి చూడాలన్న కోరిక గురించి ఎక్కువ రాయను. ఆ కోరిక నిజమే కావచ్చు. ఆవిడ దగ్గర కూర్చుని ‘నీ మనవరాలు ఇంటర్ పాసైన కాగితం చూద్దువు గాని’ అని చెప్పగల మనిషి ఇంట్లో ఒకరు చాలు. “మాకూ పద్నాలుగేళ్లకే చేశారు, మేం బాగాలేమా” అనే మాట వస్తే ఒక సంగతి గుర్తుచేయండి. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్లకు 14 ఏళ్లు పెట్టింది, 1978లో దాన్ని 18 చేశారు. ఈనాటి అమ్మమ్మల్లో చాలామంది పెళ్లిళ్లు జరిగేనాటికే చట్టం పద్దెనిమిది అంటోంది.

“మూడుముళ్లూ వేయించేయండి, కాపురానికి తర్వాత పంపొచ్చు. వాళ్లే చదివిస్తామంటున్నారు కూడా.”

ఇది వినడానికి మధ్యేమార్గంలా ఉంటుంది కాబట్టి కౌన్సెలింగ్‌కి వెళ్లినవాళ్లు కూడా కొన్నిసార్లు దీనికి తలూపేస్తారు. తలూపకండి. నేరం తాళి కట్టడంతోనే అయిపోతుంది, కాపురం మొదలయ్యేదాకా ఆగదు. పైగా మెడలో తాళి ఉన్న పిల్ల మీద పుట్టింటి మాట చెల్లడం మానేస్తుంది. వ్యవసాయ పనుల్లో మనిషి అవసరమనో, అత్తకు ఒంట్లో బాగాలేదనో కబురొస్తే పంపక తప్పదు. చదివిస్తామన్న మాటకు రాత ఉండదు, సాక్షి ఉండడు.

ఈ సలహాకు మన రాష్ట్ర చరిత్రలోనే జవాబుంది. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏట బంధువైన సుబ్బారావుతో పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని ఆమె చెప్పింది. తండ్రీ సోదరుడూ ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ తర్వాత ఆమె చదివింది, జైలుకెళ్లింది, లా పట్టా తీసుకుంది, రాజ్యాంగ సభలో కూర్చుంది. 1953లో కేంద్ర సంఘ సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైంది. దేశంలో కుటుంబ న్యాయస్థానాలు కావాలని మొదట గట్టిగా అడిగినవాళ్లలో ఆమె ఒకరు. 1984లో ఆ చట్టం వచ్చింది. తర్వాతి కాలంలో దేశమంతటా కుటుంబ సలహా కేంద్రాలు నడిపించిందీ ఆమె మొదలుపెట్టిన ఆ మండలే. కుటుంబాలకు కూర్చోబెట్టి నచ్చజెప్పే ఏర్పాటు వెనుక ఒక తెలుగు బాలవధువు ఉంది. వద్దన్న మాట ఆమెదే అయినా, ఆ మాటకు విలువిచ్చిన తండ్రి లేకపోతే ఇదంతా జరిగేది కాదు. ఈ ప్రాంతపు తండ్రులకు ఆయన గురించి చెప్పాలి.

“ఊళ్లో చేస్తే ఎవరో ఫోన్ చేస్తారు. సాగర్ దాటించి చేయండి. లేదంటే ఆధార్‌లో వయసు మార్పించండి.” ఇవి రెండూ కుటుంబాన్ని నేరుగా ఊబిలోకి తోసే సలహాలు. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం కేంద్ర చట్టం. కృష్ణ దాటి నల్గొండ జిల్లాలోకి వెళ్లినా అదే. వయసు రుజువుకు అధికారులు చూసేది బడి రికార్డు, టెన్త్ మెమో, పంచాయతీ ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. తేదీ దిద్దించిన కార్డు కుటుంబాన్ని కాపాడదు, మీద ఇంకో కేసు తెస్తుంది. పెళ్లి చేసిన తల్లిదండ్రులకు, చేసుకున్న పద్దెనిమిది దాటిన మగవాడికి, జరిపించిన పూజారికో పాస్టరుకో ఖాజీకో, దగ్గరుండి నడిపించిన పెద్దమనుషులకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఆడవాళ్లకు మాత్రం జైలు శిక్ష వేయరు. వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు, బెయిలు హక్కుగా రాదు.

“ప్రేమ వ్యవహారం బయటపడింది, ఇక ఆగకూడదు.” ఇక్కడ రెండు రకాల తొందరలు. ఒకటి, వారం తిరక్కుండా ఇంకెవరికో కట్టబెట్టడం. రెండోది, ఆ కుర్రాడికే ఇచ్చేసి పరువు కాపాడుకోవడం. మొదటిది పిల్లను ప్రాణం తీసుకునే దాకా తీసుకెళ్లొచ్చు. రెండోది అందరికీ న్యాయంగా కనిపిస్తుంది గానీ కాదు. పద్దెనిమిది నిండని భార్యతో కాపురం కూడా అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబరు 11న తీర్పు ఇచ్చింది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా అదే అంటోంది. ఆ పిల్ల గర్భంతో ఆస్పత్రికి వెళ్తే డాక్టరు పోలీసులకు తెలియజేయాల్సిందే, అప్పుడు పంతొమ్మిదేళ్ల ఆ కుర్రాడు పోక్సో కేసులో ముద్దాయి. పరువు కోసం చేసిన పెళ్లి రెండు కుటుంబాలనూ కోర్టు మెట్లెక్కిస్తుంది. ఈ సంగతి విని ఎవరూ పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లకుండా దాచకూడదు. అప్పుడు ప్రాణం మీదికే వస్తుంది. ఇలాంటి ఇంట్లో చెప్పాల్సింది, ఫోను పగలగొట్టొద్దు, కొట్టొద్దు, పిల్లతో మాట్లాడటం మానొద్దు. ఇంట్లో ఒక్కరైనా, పిన్నో అక్కో, ఆమె నమ్మే మనిషిగా మిగలాలి. రెండేళ్ల తర్వాత కూడా ఇద్దరికీ అదే మనసుంటే అప్పుడు రెండు ఇళ్ల పెద్దలూ కూర్చుంటారని మాటివ్వండి. ఆ మాట మీద నిలబడండి.

ఇక కౌన్సెలింగ్ చేసేవాళ్లకు ఇచ్చే తప్పుడు సలహాలు. “కేసు పెడతామని భయపెట్టి, సంతకం తీసుకుని వచ్చేయండి” అనేది వాటిలో మొదటిది. పెళ్లి ముందురోజు జీపు వస్తుంది. పందిరి కింద జనం గుమిగూడతారు. పిల్ల ముఖాన పసుపు ఉంటుంది. ‘పద్దెనిమిది నిండేదాకా చేయము’ అని కాగితం రాస్తారు, తండ్రి సంతకం, తల్లి వేలిముద్ర, ఒక ఫోటో. జీపు వెళ్లిపోతుంది. వంటవాళ్లకిచ్చిన అడ్వాన్సు, షామియానా, పిలిచిన చుట్టాలు, అబ్బాయి తరఫువాళ్ల కోపం, అన్నీ ఆ ఇంట్లోనే ఉంటాయి. చాలా చోట్ల పది రోజుల తర్వాత అదే పెళ్లి ఇంకో ఊళ్లో, పదిమంది మధ్య జరిగిపోతుంది.

ఆ కాగితానికి కోర్టు ఉత్తర్వుకున్న బలం లేదు. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు నిషేధ ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఎవరు ఫిర్యాదు చేసినా సరే, తనంతట తానైనా సరే. ఆ ఉత్తర్వు ఉండగా చేసిన పెళ్లి అసలు పెళ్లే కాదు, మొదటి నుంచీ చెల్లదు. మళ్లీ చేస్తారన్న అనుమానం ఉన్న ప్రతి ఇంటి విషయంలోనూ బాల్యవివాహ నిషేధ అధికారి దీన్ని అడగాలి. పిల్లకు ఇంట్లోనే ప్రమాదం అనిపిస్తే బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి. పెళ్లి ప్రమాదంలో ఉన్న పిల్లను రక్షణ అవసరమైన బిడ్డగానే 2015 బాలల న్యాయ చట్టం లెక్కిస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ రోజే అబ్బాయి ఇంటికి కూడా వెళ్లండి. కౌన్సెలింగ్ అంతా అమ్మాయి ఇంటి గుమ్మంలోనే జరిగి, అవతలి వైపు ఎవరూ తొంగిచూడరు. పుచ్చుకున్న డబ్బు తిరిగివ్వమని, మీ వాడే జైలుకెళ్తాడని వాళ్లకు చెప్పేవాళ్లుంటే ఈ తండ్రి మీద ఒత్తిడి సగం తగ్గుతుంది. ఆ తర్వాత మొదటి వారంలో ఒకసారి, కాలేజీలో చేరే రోజున ఒకసారి, నెలకొకసారి ఆ గడప తొక్కండి. పెళ్లి ఆపడం ఒక్క పూట పని. పిల్లను పద్దెనిమిది దాకా చదువులో నిలపడం రెండు మూడేళ్ల పని. సలహా కావాల్సింది ఆ రెండో పనికి. శిక్ష కన్నా ముందు నివారణ, పిల్లల రక్షణ ముఖ్యమని సుప్రీంకోర్టు కూడా 2024 అక్టోబరు 18 నాటి తీర్పులో గట్టిగా చెప్పింది.

రెండోది, “పిల్లనే అడగండి, ఆమె ఒప్పుకుంది.” ఎలా అడుగుతున్నారో చూడండి. తండ్రి మంచం మీద, మేనమామ గుమ్మం దగ్గర, ఎదురుగా ఖాకీ చొక్కా. “ఏమ్మా, నీకిష్టమేనా?” తల దించుకుని “ఇష్టమేనండి” అంటుంది. అంతకన్నా ఆ పిల్ల ఏమనగలదు? పద్దెనిమిది లోపు ఆమె ఇష్టం చట్టానికి లెక్క కూడా కాదు. ఆమెను వేరే గదిలో, వీలైతే బడిలో, ఒక ఆడమనిషి ఒంటరిగా కలవాలి. ఇష్టమా అని అడక్కండి. జూన్‌లో ఎక్కడుంటావు, నీ స్నేహితురాళ్లు ఏ గ్రూపు తీసుకుంటున్నారు, ఇంట్లో ఎవరితో మనసు విప్పి మాట్లాడతావు, ఎవరైనా కొట్టారా అని అడగండి. మౌనంగా ఉంటే ఉండనివ్వండి, మళ్లీ రండి. ఆమె చెప్పింది ఇంట్లో చెప్పబోమని మాటిచ్చి, ఆ మాట తప్పకండి.

మూడోది ప్రమాదకరమైనది. “ఎవరు ఫోన్ చేశారో చెప్పండి, వాళ్లను కూడా కూర్చోబెట్టి మాట్లాడదాం.” పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసింది ఆ పిల్లే కావచ్చు, పక్క బెంచీ స్నేహితురాలు కావచ్చు. పేరు బయటికొస్తే ఆ పల్లెలో మళ్లీ ఏ పిల్లా ఆ నంబరు నొక్కదు. ఎవరడిగినా, సర్పంచ్ అడిగినా చెప్పకండి.

పెళ్లి అయిపోయాక వచ్చే సలహా, “ఇంకేం చేస్తాం, సర్దుకుపొమ్మనండి.” ఆ పెళ్లిని రద్దు చేయమని ఆమె జిల్లా కోర్టును అడగొచ్చు. మేజరైన తర్వాత రెండేళ్ల దాకా, అంటే ఇరవై నిండేదాకా ఆ హక్కు ఉంటుంది. మైనరుగా ఉండగానైతే సంరక్షకుడో దగ్గరివాళ్లో నిషేధ అధికారితో కలిసి వేయాలి. మళ్లీ పెళ్లయ్యేదాకా భరణం, ఉండటానికి చోటు కోర్టు ఇప్పించగలదు. పుట్టిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ చట్టబద్ధ సంతానమే. కాపురంలోనే ఉండాలని ఆమే నిర్ణయించుకుంటే, ఆ నిర్ణయానికి ముందు ఈ సంగతులన్నీ ఆమెకు తెలిసి ఉండాలి.

“వాళ్లింటి విషయం మనకెందుకు” అనే సలహా ఎవరూ నోటితో ఇవ్వరు, అందరూ పాటిస్తారు. దుర్గిలోనైనా, తండాలోనైనా, ఎస్సీ కాలనీలోనైనా, పెద్ద వీధిలోనైనా ఇదే. ఈ ఏడాది మీ వీధిలో టెన్త్ రాసిన ఆడపిల్లలు ఎవరెవరో ఒకసారి గుర్తుచేసుకోండి. జూన్‌లో ఏ కాలేజీలో చేరుతున్నారో వాళ్ల అమ్మను అడగండి. జవాబు తడబడితే ఫీజు కట్టించడానికో, హాస్టల్ సీటు అడగడానికో ఆమెతో పాటు వెళ్లండి. పెళ్లి కుదిరిందని తెలిస్తే 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మీ పేరు చెప్పాల్సిన పని లేదు.